మే తర్వాత చూద్దాం

జనవరి 5, ఆదివారం

క్రిస్మస్‌కి ఎమ్మెట్ ఈ డైరీ ఇచ్చాడు. "కారు నడుపుతూ నీలో నువ్వే లెక్కలు వల్లిస్తుంటావు మార్గో. సిగ్నల్ దగ్గర పక్క కార్లవాళ్ళు నిన్ను చూసి అద్దాలు ఎక్కించుకుంటున్నారు. ఇకమీదట ఇందులో రాసుకో" అన్నాడు. నేనతనికి మేజోళ్ళు ఇచ్చాను. రెండు జతలు. క్రెడిట్ కార్డు మీద కొన్నందుకు మూడు శాతం వెనక్కి వచ్చింది.

ఇందులో రాయబోయేవన్నీ అతనికి తెలియకూడనివే కాబట్టి, మంచి కానుకే.

నా అప్పుల చరిత్రకి ఇంకా రెండేళ్ళు నిండలేదు. పసిపిల్ల లాంటిది, నడక వచ్చింది గానీ పక్క తడపడం మానలేదు. మొదటి కార్డు ఇచ్చేటప్పుడు బ్యాంకు నా దగ్గరే రెండు వందల డాలర్లు తీసుకుని దాచి, అంతే మొత్తం నాకు అప్పిచ్చింది. నా డబ్బు నాకే అప్పిచ్చి, సమయానికి తీరుస్తున్నానా లేదా అని ఏడాదిపాటు కనిపెట్టుకుని కూర్చుంది. నేనూ బుద్ధిగా నాకు నేనే బాకీ తీర్చుకుంటూ వచ్చాను. మొన్న నవంబరులో రెండో కార్డు వచ్చింది. ఇప్పుడు నా క్రెడిట్ స్కోరు, అంటే అప్పు తీర్చే బుద్ధికి వేసే మార్కు, 728.

నాకు కావలసింది నీలం కార్డు. పేరున్న బ్యాంకు, కాస్త గర్వం ఎక్కువ. చరిత్రకి రెండేళ్ళు నిండాలి, ఆరు నెలలుగా ఎవరూ నా స్కోరు తెప్పించుకుని ఎంక్వైరీ చేసి ఉండకూడదు. రెండూ మే 12కి కుదురుతాయి. కార్డు వచ్చి, వాళ్ళు చెప్పినంత ఖర్చు పెడితే, ఇద్దరికి విమానం టికెట్లు సరిపడా పాయింట్లు వస్తాయి. ఎమ్మెట్ వాళ్ళ తాతది సెర్బియా. అక్కడొక పల్లెలో ఏటా ఆగస్టులో బ్యాండు మేళాల పండుగ జరుగుతుందట. ఊరంతా బాకాలేనట. బడిలో పన్నెండేళ్ళ పిల్లల చేత బాకాలు ఊదించి చెవులు పాడు చేసుకునే ఈ మాస్టారికి అదే స్వర్గం. ఆ టికెట్లు అతని చేతిలో పెట్టి అతని మొహం చూడాలి.

అందుకని మే దాకా ఎక్కడా సంతకం పెట్టను. దుకాణం కార్డు వద్దు, కొత్త ఫోను వద్దు, ఏమీ వద్దు. మఠంలో చేరినట్టే.

జనవరి 6, సోమవారం

స్కోరు 728. నిన్నే చూశాను. అయినా చూశాను. మనది మనం చూసుకుంటే ఎంక్వైరీ కిందికి రాదు.

జనవరి 17, శుక్రవారం

శుక్రవారం కాబట్టి వేయించిన చేప, ఈ ఊరి ఆచారం. ఎప్పుడూ వెళ్ళే చోటే, ఎప్పుడూ కూర్చునే బల్లే. కిటికీలోంచి ఈడ్చి కొడుతున్న గాలి. ఎమ్మెట్ బంగాళదుంప అట్టు మీద ఆపిల్ గుజ్జు పోసుకుంటూ, "మార్గో, నన్ను వెళ్ళగొడుతున్నారు" అన్నాడు.

"బడిలోంచా?"

"ఇంట్లోంచి. కింద గదాయన మళ్ళీ ఫిర్యాదు చేశాడు. నేను ట్రాంబోన్ ఊదడమైనా ఆపాలిట, ఏప్రిల్ ఆఖరికి గదయినా ఖాళీ చెయ్యాలిట."

"ట్రాంబోన్ ఆపొచ్చుగా?"

అతను నన్ను చూసిన చూపుకి నా చేప చల్లారిపోయింది.

"సరే, సరే. ఇంకో గది వెతుకుదాం."

"దొరికింది. బే వ్యూలో రెండు వాటాల ఇల్లు. కింద ప్రుస్కీ గారని ఒక పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. పై వాటా ఇస్తుంది. రెండు పడక గదులు, ముందు వసారా. ఆవిడకి ఒక చెవి వినపడదు. ట్రాంబోన్ వాయిస్తానంటే, పైనుంచి ఏదో ఒక చప్పుడు వస్తే మనిషి ఉన్నట్టుంటుంది నాయనా అంది." ఫోర్కు పక్కన పెట్టాడు. "ఇద్దరికీ సరిపోతుంది మార్గో. మనిద్దరికీ."

నా గుండె ఎగిరి గంతేసింది. ఇది నిజం, రాసి పెట్టుకుంటున్నాను. సరిగ్గా ఒక్క క్షణం. ఆ తర్వాత, ఇల్లు అద్దెకి ఇచ్చేవాళ్ళు ముందుగా చేసే పనేమిటో గుర్తొచ్చింది. ఎంక్వైరీ. ఇద్దరి పేరు మీదా.

"మే తర్వాత చూద్దాం" అన్నాను.

"ఏప్రిల్ ఆఖరికి నా సామాను రోడ్డు మీద ఉంటుంది."

"మే ఎంతో దూరం లేదుగా."

అతను రై రొట్టెకి వెన్న రాసుకున్నాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి, తిరిగి ఆ చివరికి. తినలేదు.

జనవరి 18, శనివారం

నేను వద్దనలేదు. మే తర్వాత అన్నాను. రెండూ ఒకటి కావు.

జనవరి 26, ఆదివారం

లైల్ అన్నయ్యకి ఫోన్ చేశాను. పెద్దమ్మ కొడుకు. ఈ కార్డుల విద్య నాకు నేర్పిన గురువు. ప్రస్తుతం అన్నయ్య దగ్గర పందొమ్మిది కార్డులు, ఒక పరుపు, ఒక కుర్చీ ఉన్నాయి.

"ఇల్లు అద్దెకి తీసుకుంటే స్కోరు చూస్తారా అన్నయ్యా?"

"చూడకుండా ఎవడిస్తాడే? చూస్తే ఒక మచ్చ. ఐదారు మార్కులు ఎగిరిపోతాయి. అంతకంటే నీలం వాళ్ళు ఆ మచ్చ చూసి మూతి తిప్పుకుంటారు. అదీ అసలు నష్టం."

"ఎమ్మెట్ అడుగుతున్నాడు. కలిసి ఉందామని."

"ఆగమను. ప్రేమంటే ఆగాలి కదా. బెక్కీ ఆగింది."

బెక్కీ వదిన మూడేళ్ళు ఆగి, పోయిన వేసవిలో వెళ్ళిపోయింది. గుర్తు చెయ్యబోయాను గానీ అన్నయ్యే అందుకున్నాడు. "మనిషి పోయింది గానీ, ఆమె చేత కార్డు తీయించినందుకు వచ్చిన పాయింట్లు మాత్రం నా ఖాతాలో భద్రంగా ఉన్నాయి చెల్లీ. వాటికి కాలదోషం లేదు." ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వాడు. నేనూ నవ్వాను.

పాపం లైల్ అన్నయ్య. మనుషుల్ని ఎలా నిలుపుకోవాలో తెలియదు. నా సంగతి వేరు.

ఫిబ్రవరి 8, శనివారం

ఇల్లు చూడ్డానికి వెళ్ళాం. చూస్తే తప్పేముంది, చూపుకి మార్కులు పోవు.

చూడకుండా ఉండాల్సింది.

పై వాటాకి వెళ్ళే మెట్లు కిర్రుమంటాయి. వంటింటి కిటికీలోంచి, రెండు ఇళ్ళ కప్పుల మధ్య, చెయ్యి వెడల్పున సరస్సు కనబడుతుంది. మంచు కప్పేసి తెల్లగా ఉంది. చిన్న పడక గదిలో గోడకి పాత పువ్వుల కాగితం, ఒక మూల ఊడి వేలాడుతోంది. ఆ గదిలో నా బల్ల ఎక్కడ పెట్టుకోవచ్చో అప్పటికే నా కళ్ళు కొలిచేశాయి. వాటిని తిట్టి బయటికి తీసుకొచ్చాను.

ప్రుస్కీ గారు కింద తన వంటింట్లో కాఫీ ఇచ్చారు. ఎమ్మెట్ చేత ట్రాంబోన్ వాయింపించుకుని, వినపడే చెవి అటు తిప్పి, కళ్ళు మూసుకుని విన్నారు. "మా ఆయన అకార్డియన్ వాయించేవాడు. నీ అంత బాగా కాదనుకో. చప్పుడు మాత్రం ఇంకా ఎక్కువ" అన్నారు. తర్వాత బల్ల మీద నుంచి ఒక కాగితం, పెన్ను మా వైపు తోశారు.

"ఇదిగో పిల్లలూ, పేరూ ఫోన్ నంబరూ రాసెయ్యండి. ఇద్దరూ రాయాలి. డబ్బులు నేను పెట్టుకుంటాలే."

పేరు, ఫోను, చిరునామా అని గళ్ళు. ఇంకా కిందికి నేను చదవలేదు. చదవాల్సిన పనేముంది? ఎంక్వైరీ ఫీజు కూడా తనే పెట్టుకుంటుందట. ఇంత మంచి ఇంటావిడని మిల్వాకీ మొత్తంలో ఎక్కడా చూడలేదు. నా ఖర్మ కాకపోతే ఇప్పుడే తగలాలా?

ఎమ్మెట్ గబగబా రాసి, పెన్ను నాకిచ్చాడు. నేను కాలిన గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నేను... ఇప్పుడే రాయలేనండీ."

"ఏమ్మా, పోయేదేముంది?" అన్నారు ప్రుస్కీ గారు.

"మే తర్వాత రాస్తాను."

"మే ఏమిటి? వచ్చే శనివారంతో అయిపోతుంది కదమ్మా ఇది!"

"అయితే వద్దులెండి."

ఆవిడ కాగితం మెల్లగా తన వైపు లాక్కుని, బిస్కెట్ల పళ్ళెం నా వైపు జరిపారు. నేను తినలేదు.

కారులో ఎమ్మెట్ అన్నాడు: "ఒక కాగితం మీద నా పేరు పక్కన నీ పేరు రాయడానికి కూడా భయమా?"

"అది ఉత్త కాగితం కాదు ఎమ్మెట్."

"కాకపోతే ఏమిటి?"

చెప్పలేను కదా. చెబితే టికెట్ల సంగతి చెప్పాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

స్కోరు 731. మూడు పెరిగింది! అంటే నిన్న చేసింది మంచి పనే.

ఫిబ్రవరి 20, గురువారం

ఎమ్మెట్‌కి పని ఉందట. బడిలో కచేరీ. సరే.

ఆ కచేరీ మార్చిలో కదూ?

మార్చి 2, ఆదివారం

అమ్మ వచ్చింది. నూడుల్సు, ట్యూనా చేప కలిపి బేక్ చేసి తెచ్చింది, ఎనిమిది మందికి సరిపడా. ఇద్దరం తిన్నాం.

"ఎమ్మెట్ ఏడే?"

"పనుంది."

"ఇల్లు చూశార్టగా. పెద్దమ్మ చెప్పింది."

"మే తర్వాతమ్మా."

"ఏమిటే ఆ మే? నీకా అంకెలంటే ఎందుకే అంత పిచ్చి? నేను జన్మలో ఒక్క కార్డు ముట్టుకోలేదు. బతకలేదూ?"

నేను గిన్నెలు కడిగాను.

బతికాం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఇద్దరం ఒక ఆఫీసులో కూర్చున్నాం, ఇల్లు అద్దెకి అడగడానికి. అమ్మ బడి క్యాంటీన్‌లో పని అయ్యాక అక్కడే దుస్తులు మార్చుకుని, లిప్‌స్టిక్ వేసుకుని వచ్చింది. బల్ల అవతలాయన ఏవో నొక్కి, కంప్యూటర్ తెర మాకు కనపడకుండా తన వైపు తిప్పుకున్నాడు. "మీ గురించి ఇందులో ఏమీ లేదమ్మా" అన్నాడు. ఏమీ లేకపోవడం తప్పెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఆ తెర మీద ఏముందో నేను చూడలేదు. అమ్మ మొహం మాత్రం చూశాను. తర్వాత రెండు చలికాలాలు పెద్దమ్మ వాళ్ళ బేస్‌మెంట్‌లో, వాషింగ్ మిషన్ పక్కన పరుపేసుకుని పడుకున్నాం.

అందుకే ఈ పిచ్చి. విమానం టికెట్ల కోసం అని లైల్ అన్నయ్యకి చెప్పాను. నాకూ అదే చెప్పుకుంటాను. అసలు సంగతి, ఏ తెర మీదైనా నా పేరు కొడితే అక్కడ ఏదో ఒకటి ఉండాలి. ఎవరూ తెర అటు తిప్పుకోకూడదు.

ఇదంతా అమ్మతో అనలేదు. ఆవిడకి గుర్తు ఉండి ఉండదు.

మార్చి 14, శుక్రవారం

చేప. ఈస్టర్ ముందు మాంసం మానే ఉపవాస దినాలు కదా, ఊరు ఊరంతా అక్కడే ఉంది. బల్ల కోసం గంట నిలబడ్డాం. ఎమ్మెట్ గంటసేపూ కోటు బొత్తాలతో ఆడుకున్నాడు. కూర్చున్నాక చెప్పాడు.

"ప్రుస్కీ గారు నెలాఖరుదాకా ఆగుతానన్నారు. ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

"మే తర్వాతైతే..."

"మే తర్వాత, మే తర్వాత! మేలో ఏముంది మార్గో? ఎవరైనా వస్తున్నారా? వేరే ఎవరైనా ఉన్నారా నీకు?"

నాకు నవ్వొచ్చింది. ఉన్నారు, ఒక బ్యాంకు, అందామనుకున్నాను. అనలేదు గానీ నవ్వు మాత్రం ఆగలేదు. ఆ సమయంలో నవ్వకూడదని పక్క బల్ల మీద మూడేళ్ళ పాపకి కూడా తెలుసు.

"నాతో ఉండటం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. నేను చిన్నపిల్లాణ్ణి కాను, తట్టుకుంటాను. ఈ వాయిదాలే తట్టుకోలేను."

"ఇష్టమే."

"ఏది, ఆ మొహం మీద ఎక్కడుంది?"

అతను బిల్లు కట్టాడు. నగదుగా. నేను నా కార్డు తియ్యబోయేసరికి, "వద్దు, నీ పాయింట్లు ఇంకోసారి" అన్నాడు. వేళాకోళంగా కాదు, మామూలుగా. అదే తగిలింది.

మార్చి 15, శనివారం

ఆగస్టులో టికెట్లు చూశాక నవ్వుకుంటాం. తప్పకుండా నవ్వుకుంటాం.

మార్చి 31, సోమవారం

ఎమ్మెట్ పై వాటా తీసుకున్నాడు. ఒక్కడే. మెసేజ్ పెట్టాడు, ఫోన్ చెయ్యలేదు.

స్కోరు 736.

ఏప్రిల్ 26, శనివారం

సామాను మొయ్యడానికి వెళ్ళాను. పిలవలేదు, నేనే వెళ్ళాను. పుస్తకాల పెట్టెలు, బాకాల పెట్టెలు, ఒక సోఫా. మెట్ల మలుపులో సోఫా ఇరుక్కుంది. నేను పైన, అతను కింద, మధ్యలో సోఫా. పావుగంట ఎటూ కదలదు.

"ఎడమకి తిప్పు" అన్నాడు.

"నీ ఎడమా, నా ఎడమా?"

"ఎవరి ఎడమైనా సరే, ఏదో ఒకటి చెయ్యి మార్గో."

చివరికి కాలు ఊడదీసి ఎక్కించాం, సోఫాది. చిన్న గదిలో ఏమీ పెట్టలేదు. అందులో ఏం పెడతావని అడగలేదు నేను. ఇంటికొచ్చి స్కోరు చూసుకుందామనుకుని, తెరవకుండానే ఫోన్ పక్కన పెట్టేశాను.

మే 12, సోమవారం

ఇవాళంతా రాయాలి.

నేను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్‌లో, మధ్యాహ్నం భోజనాల వేళ, డబ్బాలో పెరుగు తింటూ దరఖాస్తు పెట్టాను. పేరు, పుట్టిన తేదీ, జీతం. నొక్కాను. ఒక చక్రం గిర్రున తిరిగింది. నిమిషం కూడా కాలేదు, మంజూరయింది, అభినందనలు, అంది. ఆకుపచ్చ టిక్కు.

లేచి నిలబడ్డాను. చెప్పడానికి ఎవరూ లేరు. ఎదురుగా గోడ మీద, చిగుళ్ళ జబ్బుల బొమ్మ. దానికే చెప్పాను.

సాయంత్రం తిన్నగా బే వ్యూకి వెళ్ళాను. ఎమ్మెట్ ఇంకా రాలేదు. ప్రుస్కీ గారు వసారాలో కూర్చుని మొక్కలకి కుండీలు మారుస్తున్నారు. రమ్మని వినపడే చెవి వైపు కుర్చీ చూపించారు. ఇంక దాచడానికేముంది, మే వచ్చేసింది. ఉత్సాహంగా అడిగాను.

"ప్రుస్కీ గారూ, ఇప్పుడైతే నేను రాయగలనండీ. ఎమ్మెట్ ఒప్పుకుంటే నా పేరు కూడా చేర్చుకుంటారా? నా క్రెడిట్ రిపోర్టు చూసుకోండి, ఎన్నిసార్లయినా."

"ఏ రిపోర్టు?"

"అదేనండీ, అద్దెకిచ్చే ముందు చూస్తారుగా."

"నాకెందుకమ్మా అది? నలభై ఏళ్ళుగా ఇస్తున్నాను పై వాటా. చెత్త డబ్బా సోమవారం సాయంత్రం రోడ్డు మీద పెడతారా, చలికాలం మంచు తోడతారా, ఈ రెండే అడుగుతాను. ఎమ్మెట్‌నీ అంతే అడిగా. తోడతానన్నాడు, ఇచ్చేశా."

"మరి ఆ రోజు కాగితం మీద రాయమన్నారు కదా? పేరూ, ఫోనూ?"

"ఏ రోజు?" ఆవిడ మట్టి చేతులు ఎత్తిపట్టుకుని ఆలోచించారు. "ఓ, అదా! అది మా చర్చివాళ్ళ మాంసం లాటరీ కదే పిచ్చి మొద్దూ! టికెట్టు ఐదు డాలర్లు, తగిలితే మాంసం పొట్లం. పిల్లలు కదా అని నా డబ్బుతో మీకు చెరొకటి కొందామనుకున్నా. నువ్వేమో తేలు కుట్టినట్టు చెయ్యి లాక్కున్నావు. నాకేమో, ఈ పిల్లకి మా చర్చి అంటే పడదు కాబోలు అనిపించింది. నీ వంతు టికెట్టు మా చెల్లెలికిచ్చా. దానికి హామ్ వచ్చింది, తెలుసా? ఇంత పంది తొడ!"

మట్టి చేతులతో చూపించారు ఎంతో.

నేను మెట్ల మీద కూలబడ్డాను. లేని ఎంక్వైరీ కోసం నాలుగు నెలలు. ఇప్పుడు లెక్కేసుకుంటే నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, చూస్తారా అండీ అని. అడిగితే కూడా మార్కులు పోతాయనుకున్నానో ఏమో.

ఎమ్మెట్ వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. మెట్లెక్కి పైకి తీసుకెళ్ళాడు. "సరే, మే వచ్చింది. చెప్పు" అన్నాడు.

అన్నీ చెప్పాను. నీలం బ్యాంకు, మచ్చ, సెర్బియా బాకాల ఊరు, లాటరీ. లాటరీ దగ్గర అతను పగలబడి నవ్వాడు. హామ్ దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆ ఆఫీసు, తెర తిప్పుకున్నాయన, పెద్దమ్మ బేస్‌మెంట్ సంగతి చెప్పాను. అది అతనికి ఎప్పుడూ చెప్పలేదు. నవ్వడం ఆపేశాడు.

"ఇది ముందే చెప్పి ఉంటే?"

"టికెట్లు చూపించి నిన్ను ఆశ్చర్యపరుద్దామని..."

"టికెట్ల సంగతి కాదు నేనడిగేది."

తెలుసు.

"పోనీలే, ఆగస్టుకి ఇంకా టైముంది. ఇద్దరం వెళ్దాం" అన్నాను, చచ్చిపోయిన ఉత్సాహాన్ని లేవదీసి.

"ఆగస్టంతా నాకు పిల్లల బ్యాండు క్యాంపు ఉంది. ఈ అద్దె ఒక్క జీతంతో పడదు కదా మార్గో. ఒప్పుకున్నాను."

ఇద్దరం వంటింటి కిటికీలోంచి ఆ చెయ్యి వెడల్పు సరస్సుని చూస్తూ నిలబడ్డాం. మంచు పోయి నీలంగా ఉంది. జన్మలో ఎప్పుడూ అడగని మాట అడిగాను.

"నేను వచ్చెయ్యనా ఇక్కడికి?"

అతను కిటికీ వదిలి నా వైపు తిరిగాడు. "మూడు నెలలు నీకోసం తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు నువ్వడిగావని ఈ పూటే అవునంటే, రేపు నీకు ఇంకో లెక్క తగిలితే? కోపంతో అనడం లేదు. కొన్నాళ్ళు చూడనీ."

బ్యాంకు నిమిషంలో ఒప్పుకుంది. ఇతను ఒప్పుకోలేదు. ఇతని దగ్గర నాకున్న చరిత్ర అలాంటిది మరి.

మే 13, మంగళవారం

నా దరఖాస్తు పెండింగులో ఉంది.

జూన్ 20, శుక్రవారం

చేప. ఇప్పుడు నేను ప్రతి శుక్రవారం అతని కంటే ముందే వెళ్ళి బల్ల పట్టుకుంటున్నాను. సోమవారం సాయంత్రాలు క్లినిక్ నుంచి బే వ్యూకి వెళ్ళి చెత్త డబ్బా రోడ్డు మీద పెడుతున్నాను. ఎవరూ అడగలేదు. మొదటిసారి ఎమ్మెట్ పైనుంచి తొంగి చూసి, "అది నా పని కదా" అన్నాడు. రెండోసారి ఏమీ అనలేదు. మూడోసారి డబ్బా రెండో పిడి తనొచ్చి పట్టుకున్నాడు.

అమ్మ దవడ పన్నుకి తొడుగు వేయించాను, నీలం కార్డు మీద. బ్యాంకు అడిగిన ఖర్చులో సగం దానితోనే పూర్తయింది. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నప్పుడు మనిషి ఎదురు చెప్పలేదు కదా, అప్పుడే ఆ బేస్‌మెంట్ సంగతి ఎత్తాను. దూది తీశాక అమ్మ అంది: "గుర్తు లేకేం? ఆ తెర వాడి మొహం ఇప్పటికీ గుర్తే. అయితే నాకు ఎక్కువ గుర్తున్నది నువ్వే. ఆ మిషన్ గడగడలాడితే తప్ప నిద్రపోయేదానివి కాదు. రాత్రుళ్ళు ఉత్తినే తిప్పేదాన్ని, లోపల ఒక్క బట్ట లేకుండా. పెద్దమ్మ కరెంటు బిల్లు చూసి గోల పెట్టేది." పళ్ళ డాక్టరు, నేను, అమ్మ, ముగ్గురం నవ్వాం. తర్వాత స్టోరు రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. సుఖంగా ఉంది.

జూలై 13, ఆదివారం

చిన్న గది గోడ కాగితం పీకడానికి సాయం రమ్మన్నాడు ఎమ్మెట్. కింద మూడు పొరలున్నాయి. పువ్వులు, వాటి కింద గీతలు, వాటి కింద పడవలు.

"ఎవరికి ఈ గది?" అన్నాను, గోడ వైపు తిరిగి.

"ట్రాంబోన్‌కి అనుకుంటున్నా."

"దానికి రంగు ఏది ఇష్టమట?"

"ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పు."

పసుపు అన్నాను. రంగు డబ్బాలు తనే కొంటానన్నాడు. నా కార్డు మీద కొంటే ఖర్చు లెక్కలోకి వస్తుందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇది నా జీవితంలో గొప్ప త్యాగాల్లో ఒకటి, చరిత్ర గుర్తుపెట్టుకోవాలి.

ఆగస్టు 13, బుధవారం

ఘోరం జరిగింది.

నీలం కార్డువాళ్ళు పెట్టిన గడువు నిన్నటితో అయిపోయింది. మూడు నెలల్లో వాళ్ళు చెప్పినంత ఖర్చు పెడితేనే పాయింట్లు. నాకు అరవై ఒక్క డాలర్లు తక్కువ. నిన్నంతా ప్రుస్కీ గారి వసారాకి అల్లుకున్న తీగ కోశాం, సాయంత్రం ఎమ్మెట్ క్యాంపు పిల్లలకి సాండ్‌విచ్‌లు చేశాం. ఆ రొట్టె, ఆ హామ్, ఆ చీజు, అన్నీ కలిపి డెబ్భై డాలర్లయింది. కొన్నది నేనే. జేబులో నోట్లు ఉన్నాయని ఇచ్చేశాను.

కార్డు సంగతి గుర్తే లేదు. నాకు!

లైల్ అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మాట్లాడే గొంతుతో, "బాగానే ఉన్నావా చెల్లీ?" అన్నాడు.

బాగానే ఉన్నాను. అదే వింతగా ఉంది.

ఆగస్టు 16, శనివారం

చర్చి ఆవరణలో లాటరీ. చెట్ల కింద బల్లలు, ఐస్ పెట్టెల్లో మాంసం పొట్లాలు, పెద్దవాళ్ళంతా మడత కుర్చీల్లో. ప్రుస్కీ గారు టికెట్ల పుస్తకం, పెన్ను నా చేతిలో పెట్టి, "ఈసారైనా రాస్తావా, మే దాకా ఆగాలా?" అని అందరికీ వినపడేలా అడిగారు. చెవి వినపడనివాళ్ళకి గొంతు పెద్దది.

ఐదు డాలర్లు నేనే ఇచ్చాను. పేరు రాశాను. ఫోను రాశాను. చిరునామా గడి దగ్గర పెన్ను ఆగింది.

ఎమ్మెట్ రెండు పళ్ళేలతో వచ్చి నా భుజం మీదుగా చూశాడు. "ఏం, మళ్ళీ ఏమైంది?"

"ఏ అడ్రస్ రాయాలా అని."

అతను పళ్ళేలు బల్ల మీద పెట్టాడు. చొక్కాకి ఇంకా పసుపు రంగు మరక ఉంది. ఐస్ పెట్టెల వైపు గడ్డంతో చూపించాడు.

"మాంసం వస్తే ఎవరి ఫ్రిజ్‌లో పెడతామో ఆ అడ్రస్ రాయాలి. నీ ఫ్రిజ్‌లో చోటుందా?"

నా ఫ్రిజ్‌లో ఆవాల ముద్ద సీసా, మూడు పెరుగు డబ్బాలు ఉన్నాయి. ఇంకా ఒక ఆవు పడుతుంది.

"లేదు" అన్నాను.

"అయితే మనది రాయి."

రాశాను. కింద టికెట్టు మీద కూడా అచ్చు పడేలా గట్టిగా నొక్కి రాశాను. "ఇంటి నంబరు తప్పు" అన్నాడు. కొట్టేసి మళ్ళీ రాశాను.

హామ్ ప్రుస్కీ గారి చెల్లెలికే వచ్చింది, ఈ ఏడాది రెండోసారి. మాకు మూడో బహుమతి, ఐదు పౌండ్ల సాసేజీలు. పై వాటాకి తెచ్చేసరికి ఎమ్మెట్ ఫ్రిజ్‌లో చోటు లేదు. పాల డబ్బాలు పక్కకి జరిపి, పాత పులుసు పారబోసి, కింది అర మొత్తం ఖాళీ చేశాడు.